సేఫ్టీ కమిటీలో కార్మికుడి కుర్చీ

ఫ్యాక్టరీ భద్రతలో కార్మికులకు చట్టబద్ధమైన పాత్ర దక్కింది భోపాల్ విషాదం తర్వాతే. 1984 డిసెంబరులో ఆ దుర్ఘటన జరిగితే, 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి 41-జి సెక్షన్ చేర్చారు. ప్రమాదకర ప్రక్రియలు నడిచే ఫ్యాక్టరీల్లో యాజమాన్య ప్రతినిధులు, కార్మిక ప్రతినిధులు సరిసమానంగా ఉండే సేఫ్టీ కమిటీ తప్పనిసరి అయింది. 2020 నాటి వృత్తి భద్రతా కోడ్ మాత్రం ఈ కమిటీ ఏ సంస్థల్లో ఉండాలో ప్రభుత్వ ఉత్తర్వుకు వదిలేసింది. ఆ ఉత్తర్వు వర్తించని చిన్న యూనిట్లకు ఇది లోటే.

అంతకన్నా పదునైనది అదే 1987 సవరణలో 41-హెచ్ సెక్షన్‌గా వచ్చిన హక్కు. ప్రాణాపాయం పొంచి ఉందని సహేతుకంగా అనిపిస్తే కార్మికుడు నేరుగా మేనేజరుకు చెప్పవచ్చు, అదే సమయంలో ఇన్‌స్పెక్టర్‌కూ తెలపవచ్చు. యాజమాన్యం వెంటనే సరిదిద్దాలి. ప్రమాదమేమీ లేదనుకుంటే విషయాన్ని ఇన్‌స్పెక్టర్‌కు నివేదించాలి.

కాగితం మీది హక్కు షాప్‌ఫ్లోర్‌లో వేరుగా కనిపిస్తుంది. ప్రెస్ మెషిన్ గార్డు ఎందుకు విప్పేశారో ఆపరేటర్‌కే తెలుసు: గార్డు ఉంటే ఇరుక్కున్న ముక్క తీయడానికి ప్రతిసారీ మెషిన్ ఆపాలి, షిఫ్టు టార్గెట్ తప్పుతుంది. అతన్ని అడిగితే గార్డుకు చిన్న తలుపు పెట్టి, అది తెరవగానే మెషిన్ ఆగేలా ఇంటర్‌లాక్ బిగించవచ్చు. అడగకుండా మెమో ఇస్తే గార్డు తనిఖీ రోజునే కనిపిస్తుంది. త్రుటిలో తప్పిన ప్రమాదాల సంగతీ అంతే. చెప్పినవాడికే చీవాట్లు పడితే రిజిస్టరు ఖాళీగా ఉంటుంది, ఆ ఖాళీనే కొందరు మేనేజర్లు ఘనతగా చూపిస్తారు. కాంట్రాక్టు కార్మికులకైతే కమిటీలో చోటు దొరకడమే అరుదు. ట్యాంకులు కడిగేది, ఎత్తుల మీద వెల్డింగ్ చేసేది ఎక్కువగా వాళ్లే.