మాట వినపడే టాకీసు

మంథనిలో స్వరం తప్పితే ఊరుకోరు. గోదావరి ఒడ్డున ఈ ఊళ్లో వేదం చెప్పుకునే ఇండ్లు తరతరాలుగా ఉన్నాయి. అనుదాత్తం పలకాల్సిన చోట గొంతు కొంచెం లేచిందంటే, కండ్లు మూసుకొని వింటున్న పెద్దాయన కండ్లు తెరుస్తాడు. వేదం రాని ఇండ్లకు కూడా ఆ చెవి ఎంతో కొంత అబ్బింది. భజనలో తాళం తప్పినా, పెండ్లిలో సన్నాయి శ్రుతి జారినా ఇక్కడ ఎవరో ఒకరు గమనిస్తారు. అలాంటి ఊరు సినిమాకు పోయేటప్పుడు చెవి మాటే ఎత్తకపోవడం నాకు ఎప్పటినుంచో మింగుడుపడని సంగతి.

కొత్త సినిమా వచ్చిందనగానే ఇంట్లో చర్చ మొదలవుతుంది. ఊళ్లోనే చూద్దామా, గోదావరిఖనికి పోదామా, పెద్దపల్లికా, కరీంనగర్‌కా? ఏసీ ఉందా, సీట్లు మెత్తగా ఉన్నాయా, బండి పెట్టుకునే జాగా ఉందా, తెర పెద్దదేనా, ఇవన్నీ అడుగుతారు. మాట తేటగా వినపడుతుందా అని మాత్రం ఎవరూ అడగరు. నా లెక్కలో అదే మొదటి ప్రశ్న. బొమ్మ రెండోది, కుర్చీ మూడోది. సీటు గట్టిగా ఉంటే రెండున్నర గంటలు ఓర్చుకోవచ్చు. మాట అందకపోతే మాత్రం టికెట్టు కొన్నా సినిమా చూడనట్టే.

టాకీసులో తెర వెనక మూడు పెద్ద స్పీకర్లుంటాయి: ఎడమ, నడుమ, కుడి. పాత్రల మాటలు దాదాపు అన్నీ నడుమ స్పీకర్‌లోంచే వస్తాయి. ఆ మాట తెర దాటి రావాలి కనుకే తెరకు సన్నటి రంధ్రాలుంటాయి. ఆట మొదలు కాకముందు దగ్గరికి పోయి చూస్తే కనపడతాయి. గోడల మీద వరుసగా కనపడే చిన్న బాక్సులు వానకు, గాలికి, జనం కేకలకు, సంగీతం చుట్టూ పరుచుకోవడానికి. 2012లో డాల్బీ అట్మాస్ వచ్చినప్పటినుంచి నెత్తి మీద కూడా స్పీకర్లు పెడుతున్నారు. జనం వాటిని లెక్కపెట్టుకొని సంబరపడతారు. కానీ పైన ఎన్ని బాక్సులున్నా, నడుమ స్పీకర్ నీరసపడితే సినిమా మూగబోతుంది.

స్పీకర్ మంచిదైతే సరిపోదు, గోడలు కూడా మంచివి కావాలి. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. హాలు నడుమ కూర్చున్న మనిషికి వెనక గోడ 15 మీటర్ల దూరంలో ఉందనుకోండి. తెరనుంచి వచ్చిన మాట ఒకసారి నేరుగా చెవిలో పడుతుంది. అదే మాట వెనక గోడకు తగిలి, సెకనులో పదకొండో వంతు ఆలస్యంగా మళ్లీ వస్తుంది. అప్పటికి నటుడు తర్వాతి అక్షరంలో ఉంటాడు. పాత అక్షరం కొత్త అక్షరం మీద కూర్చుంటుంది. 'సౌండు బాగా ఉంది గానీ ఏమంటున్నరో సమజ్ అయితలేదు' అని మనవాళ్లు అనేది ఇదే. ఉత్త సిమెంటు గోడలున్న హాల్లో లక్షలు పెట్టి కొత్త బాక్సులు బిగించినా ఈ జబ్బు పోదు. గోడలకు ధ్వనిని పీల్చే పలకలు, వాటి మీద గుడ్డ, కింద జంపఖానా, పైన సరైన సీలింగ్ ఉండాలి.

మనుషులు కూడా ధ్వనిని పీల్చుకుంటారు. మొదటి రోజు హౌస్‌ఫుల్ ఆటలో బాగున్న హాలు, మంగళవారం మ్యాట్నీకి ఇరవై మంది ఉన్నప్పుడు గోలగోలగా వినపడుతుంది. అందుకే ఏ టాకీసునైనా జనం పలుచగా ఉన్న రోజు చూసి తీర్పు చెప్పాలి. ఖనిలో గని షిఫ్టులు పొద్దున ఏడుకు, పగలు మూడుకు, రాత్రి పదకొండుకు మారతాయి. పొద్దటి ఆటకు కూడా తీరిక ఉన్న మనుషులు దొరికే ఊరది. మన ఊళ్లో అలా కాదు, వారం మధ్యలో హాలు ఖాళీగానే ఉంటుంది. మరి ఖాళీ హాల్లో కూడా మాట తేటగా ఉంటేనే అది నిజంగా మంచి టాకీసు.

ఇంకొక సంగతి మోతాదు. సినిమాకు ధ్వని కలిపిన స్టూడియోలో ఎంత గట్టిగా విన్నారో హాల్లోనూ అంతే వినపడాలని ఒక కొలత పెట్టుకున్నారు. ప్రొజెక్టర్ గదిలో సౌండ్ ప్రాసెసర్ మీద 7 అంకె ఆ కొలతకు గుర్తు. ట్రైలర్లు, ప్రకటనలు చెవులు పగలగొడుతున్నాయని ఎవరో గొడవ పెడితే ఆపరేటర్ దాన్ని 5కు దించుతాడు, అసలు సినిమా మొదలైనాక పెంచడం మరిచిపోతాడు. గుసగుసగా చెప్పే మాటలన్నీ ఫ్యాన్ల చప్పుడులో కలిసిపోతాయి.

హాలును పరీక్షించడానికి నా మనసులో ఉన్న సినిమా 'బలగం'. సిరిసిల్ల బిడ్డ వేణు యెల్దండి తీసింది, 2023 మార్చిలో వచ్చింది. చివర్లో బుడగజంగాల కళాకారులు మొగిలయ్య, కొమురమ్మ దంపతులు పాడే ఘట్టం ఉంది. అందులో పెద్ద వాద్యాలు లేవు, చప్పుళ్లు లేవు. మాటే ప్రాణం. ఒక్కొక్క మాట చెవిలో పడితేనే గుండె కరుగుతుంది. ఆ సినిమాను తెలంగాణలో చాలా పల్లెల్లో ఊరి నడుమ తెర కట్టి వేసుకున్నారు. నిర్మాతలు అభ్యంతరం చెప్పారు, వాళ్ల న్యాయం వాళ్లది. కానీ అక్కడ జరిగింది చూడండి: ఏసీ లేదు, సీటు లేదు, నేల మీద కూర్చొని ఊరంతా ఏడ్చింది. ఆరుబయట చుట్టూ గోడల్లేవు, తిరిగొచ్చే మాట లేదు, పాడిన మాట పాడినట్టే చెవికి చేరింది. సుఖం కంటే మాట ముందని నేననడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఇక బొమ్మ. దానికి పరీక్ష అదే నెలాఖరున వచ్చిన 'దసరా'. సింగరేణి బొగ్గు నేపథ్యం, నల్లటి మొహాలు, మసి పట్టిన గోడలు, రాత్రి వేళలు. దీపం బలహీనమైన టాకీసులో ఇలాంటి సినిమా చూస్తే ఎవరు ఎవరో తెలియదు. తప్పు సినిమా తీసినవాళ్లదని జనం అనుకుంటారు. డిజిటల్ సినిమాకు అంతర్జాతీయంగా ఒక కొలత ఉంది: తెర నడుమ వెలుగు 14 ఫుట్-లాంబర్టులు, అంటే 48 నిట్లు ఉండాలి. ప్రొజెక్టర్‌లోని జినాన్ దీపం రోజురోజుకూ కొద్దికొద్దిగా మసకబారుతుంది. ఒక్కరోజులో ఆరిపోదు కనుక ఎవరికీ తెలియదు. గడువు దాటినా అదే దీపంతో నెట్టుకొస్తే కరెంటు ఖర్చు అంతే, బొమ్మ మాత్రం సగం. త్రీడీ కోసం వేసిన వెండి తెర మీద మామూలు సినిమా వేస్తే నడుమ మెరుస్తుంది, అంచులు మసకగా ఉంటాయి. పక్క సీట్లలో కూర్చున్నవాళ్లకు ఇంకా మసక. తెర చుట్టూ నల్లటి గుడ్డ సరిగ్గా లాగకపోయినా, తలుపు సందులోంచి ఎండ పడుతున్నా నలుపు నలుపుగా ఉండదు, బూడిద రంగుకు తిరుగుతుంది.

ఒక్క విషయంలో మాత్రం ఈ కాలం మాలాంటి ఊళ్లకు మేలు చేసింది. సినిమా వ్యాపారంలో మంథని లాంటివి సి సెంటర్లు. రీళ్ల కాలంలో కరీంనగర్‌లో ఆడి ఆడి, గీతలు పడ్డాకనే ప్రింటు మా వైపు వచ్చేది. తెగినచోట అతికించినప్పుడల్లా ఒక మాటో, పాటలో ఒక ముక్కో ఎగిరిపోయేది. 1986లో 'సింహాసనం' తెలుగులో మొదటి 70 ఎంఎం సినిమాగా, ఆరు ట్రాకుల ధ్వనితో వచ్చింది. ఆ ప్రొజెక్టర్ లేని ఊళ్లకు 35 ఎంఎం ప్రింటే దిక్కు. ప్రొజెక్టర్‌కు వెలుగిచ్చే కార్బన్ కడ్డీలు కాలి తరిగిపోతుంటే వాటి మధ్య దూరం సరిచేస్తూ, ఇరవై నిమిషాలకో రీలు మారుస్తూ, ఆ వేడి గదిలో ఆపరేటర్ బొమ్మను కాపాడేవాడు. ఇప్పుడు డిజిటల్ కాపీ హైదరాబాద్‌లో పడిన రోజే ఇక్కడా పడుతుంది, గీత లేకుండా. కానీ రీళ్లతో పాటు ఆపరేటర్ కాపలా కూడా పోయింది. మీట నొక్కి కిందికి దిగి వస్తే బొమ్మ ఎలా పడుతోందో చూసే కండ్లు లేవు. యంత్రం మంచిదైనా చూసుకునే మనిషి లేని టాకీసును నేను నమ్మను.

ఎక్కడ కూర్చోవాలో కూడా చెప్పాలి. మనవాళ్లకు బాల్కనీలో చివరి వరుస అంటే గొప్ప. అది గోడకు ఆనుకొని ఉంటుంది, వెనక బాక్సులు నేరుగా చెవిలో మోగుతాయి. బాల్కనీ కింద లోపలికి కూర్చున్నా మంచిది కాదు, పైకప్పు కిందికి ఉండి ధ్వని నలిగిపోతుంది. తెరనుంచి లెక్కపెడితే హాలు పొడవులో మూడింట రెండు వంతుల దూరం, వరుసలో నడుమ సీటు ఎంచుకోండి. ధ్వని సరిచూసే ఇంజినీరు మైకు పెట్టేది ఆ చుట్టుపక్కలే. మొదటి రోజు ఆ సీటు దొరకకపోతే రెండో రోజు పోవడం మేలు.

సుఖం గురించి ఒక్కటే గట్టిగా చెప్తాను. మెత్తటి సీటు కంటే ముందు ఆడవాళ్లకు శుభ్రమైన మరుగుదొడ్డి, దానికి గడియ, నీళ్లు ఉండాలి. అది లేక మా ఇండ్లలో ఎంతోమంది ఆడవాళ్లు టాకీసుకు పోవడమే మానుకున్నారు. తర్వాతి సంగతి ముందు వరుస తలకాయ అడ్డం రాకుండా నేల వాలు, మోకాలు తగలకుండా జాగా. మిగతావన్నీ ఆ తర్వాత.

ఇక తీర్పు. కుటుంబ కథ, మాటల సినిమా అయితే దగ్గర్లో మాట తేటగా ఉన్న హాలు ఏదైనా చాలు, అంతకంటే దూరం పోవద్దు. ఖని ముప్పై పైచిలుకు కిలోమీటర్లు, కరీంనగర్ దాదాపు డెబ్బై. రెండో ఆట వదిలేసరికి అర్ధరాత్రి దాటుతుంది, అప్పుడు పిల్లలతో దారిలోని సెంటినరీ కాలనీ దాటి రావడం సుఖంలో లెక్క కాదు. యుద్ధాలు, సముద్రాలు, అడవులు ఉన్న భారీ సినిమా అయితే మాత్రం కరీంనగర్ దాకా పోండి, పొద్దటి ఆటకు పోండి, తెల్లారి బస్సెక్కితే చీకటి పడకముందే ఇల్లు చేరతారు. ఏడాదికి ఒకటో రెండో సినిమాలకు హైదరాబాద్ దాకా పోయినా తప్పులేదు. 2003లో ప్రసాద్స్ ఐమ్యాక్స్ తెరిచినప్పుడు రాష్ట్రం నలుమూలలనుంచి జనం పోయింది ఆ అనుభవం కోసమే.

అయితే పెద్ద తెర పెద్ద నగరానికే రాసిపెట్టి ఉందని అనుకోవద్దు. నెల్లూరు వైపు సూళ్లూరుపేట చిన్న పట్టణం. 2019 ఆగస్టులో 'సాహో' విడుదలతో అక్కడ వి ఎపిక్ థియేటర్ తెరిచారు. తెర వెడల్పు వంద అడుగులకు పైనే, ధ్వని డాల్బీ అట్మాస్. చెన్నైనుంచి కూడా జనం అక్కడికి పోయి సినిమా చూస్తున్నారు. అటు మహాదేవపూర్, కాటారం, ఇటు కమాన్‌పూర్ కలుపుకుంటే మంథని చుట్టూ సినిమా చూసే జనం తక్కువేం కాదు. వంద అడుగుల తెర అడగడం లేదు. మాట తేటగా పలికే ఒక నడుమ స్పీకర్, గోడలకు పలకలు, గడువు దాటకముందే మార్చే దీపం, ఇంతే.

అవి రావాలంటే చూసేవాళ్లు అడగాలి. మాట వినపడకపోతే ఇంటికి వచ్చి సినిమాను తిట్టుకోవద్దు. ఇంటర్వెల్‌లో మేనేజర్ దగ్గరికి పోయి, ఏ వరుసలో కూర్చున్నారో, ఏ సీనులో మాట అందలేదో, తెర ఏ మూల మసకగా ఉందో చెప్పండి. కోపంగా కాదు, వేదపాఠం దిద్దే పెద్దాయన చెప్పినంత శాంతంగా, అంత కచ్చితంగా చెప్పండి. పదిమంది చెప్తే ఆపరేటర్ మీట 7కు తిప్పుతాడు, యాభైమంది చెప్తే యజమాని దీపం మారుస్తాడు. ఈసారి పోయినప్పుడు తప్పకుండా చెప్పండి.