మెట్టుకో రూపాయి

గాజువాక, మంగళవారం రాత్రి

చెల్లీ,

దువ్వాడలోనే దిగేశాను. గాజువాకకి అదే దగ్గరని బాబాయి చెప్పాడు. తెనాలి నుంచి రైల్లో కూర్చుని కూర్చుని నడుం పట్టేసింది. సింహాచలం కొండెక్కడానికి వచ్చినదాన్ని, స్టేషన్ మెట్లకే ఆయాసం! పెదనాన్న చెవిన వెయ్యకు. మెట్టుకో రూపాయి ఇస్తానన్న మనిషి, ఇదే సాకని వెనక్కి తగ్గుతాడు.

బయటికొస్తే వాన. ఆటో అబ్బాయి మూడొందలన్నాడు. నూట యాభై అన్నాను. "ఏటమ్మా, ఈ వానలో నూట యాభైకి ఎవలొస్తారు?" అన్నాడు. వాన నీ మీదా నా మీదా ఒకేలా పడుతోంది కదయ్యా అన్నాను. పక్క ఆటోవాడు అతని తరఫున దిగాడు, టీకొట్టు ముసలాయన నా తరఫున. పది నిమిషాలు తడిశాం అందరం. చివరికి షేరాటో వస్తే దాంట్లో దూరి, రెండు చేపల గంపల మధ్య ఇరుక్కుని ముప్పై రూపాయలకి వచ్చేశాను. ఆ మిగుల్చుకున్న దానికి చీరంతా కంపు చేసుకున్నావా అంటావు. చందాలోంచి దారిఖర్చుకి పైసా తియ్యకూడదని పుస్తకం మొదటి పేజీలో రాసింది నువ్వే. పోయేది నా పర్సులోంచి కాబట్టే అంత గట్టిగా బేరమాడాను.

పిన్ని నెత్తళ్ళ వేపుడు చేసింది. కరకరలాడుతూ, ఎండుమిరప ఘాటుతో, వేడన్నంలో కలుపుకుంటే నా సామిరంగా! మూడోసారి వడ్డిస్తూ చెప్పింది, కొండకెళ్ళేదాకా ఇంట్లో ఇక నీచు బందని. ముందే చెబితే నాలుగోసారికీ చోటుంచుకునేదాన్ని.

ఫోన్లో చెప్పొచ్చుగా అంటావు. బాబాయి పక్కనే కూర్చుని ప్రతి మాటకీ సవరణ చెబుతాడు. అందుకే ఈ కాగితం ఫొటో తీసి వాట్సాప్‌లో పెడుతున్నాను.

బుధవారం, మధ్యాహ్నం

గొంతు పట్టేసింది, ఒళ్ళు వెచ్చగా ఉంది. అమ్మకి చెప్పొద్దు. మిరియాల పాలు తాగి పడుకున్నాను. పొద్దున మోకాళ్ళని పరీక్షిద్దామని బాబాయి విశాఖ పాతనగరానికి తీసుకెళ్ళాడు. ఓడరేవు కాలువ పక్కనే మూడు చిన్న కొండలు. ఒకదాని మీద మేరీమాత గుడి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి. మేరీమాత ఉన్న రాస్ హిల్ ఎక్కేసరికే దమ్ము అయిపోయింది. మిగతా ఇద్దరికీ కిందనుంచే దండం. పైనుంచి డాల్ఫిన్స్ నోస్, దాని పక్కగా లోపలికొచ్చే ఓడ చాలా బావున్నాయి. 1933లో తెరిచిన రేవు ఇదేనని బాబాయి చెబుతూనే ఉన్నాడు, నేను మాత్రం ఎక్కడ కూర్చుందామా అని చూస్తున్నాను.

కూర్చున్నాక తన పాఠం మొదలెట్టాడు. పర్వతారోహకుడు మల్లి మస్తాన్ బాబు చదివింది ఇక్కడికి దగ్గర్లోని కోరుకొండ సైనిక్ స్కూల్లోనేనట. అదే బడిలో చదివి 1985లో ఎవరెస్టు యాత్రలో పోయిన ఉదయభాస్కరరావు విగ్రహం చూసి ఆ కుర్రాడికి కొండల పిచ్చి పట్టిందంటారు. 2006లో ఏడు ఖండాల ఎత్తయిన శిఖరాలూ 172 రోజుల్లో ఎక్కేశాడు. 2015 మార్చిలో ఆండీస్ కొండల్లో ప్రాణం వదిలాడు. నేను మాలావత్ పూర్ణ సంగతెత్తాను. 2014లో పద్నాలుగేళ్ళు నిండకుండానే ఎవరెస్టెక్కిన పిల్ల, తర్వాత నాసా ఇంజినీరు కావ్య మన్యపుతో కలిసి ఆడపిల్లల చదువుకి నిధుల కోసం లడఖ్‌లో ఇంకో శిఖరం ఎక్కింది. వాళ్ళ పక్కన నా పేరెత్తడం నాకే సిగ్గుగా ఉంది. వాళ్ళు డేరా వేసే చోటుకి కూడా రాదు సింహాచలం.

బాబాయి ఊరుకుంటాడా? "కూర్మన్నపాలెం శిబిరంలో ఉక్కు ప్లాంటు అమ్మొద్దని రోజుల తరబడి కూర్చున్నాను. కూర్చున్నందుకు నాకెవడూ రూపాయి ఇవ్వలేదే!" 1966లో ఆ ఫ్యాక్టరీ కోసం 32 మంది ప్రాణాలు పోయాయని చెబుతుంటే మాత్రం గొంతులో వెటకారం పోయింది.

గురువారం, రాత్రి

ఎక్కేశాను! వేణ్ణీళ్ళలో కాళ్ళు పెట్టుకుని రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే ఏమనుకోకు.

తెల్లారకముందే, మెట్లు మొదలయ్యే తొలిపావంచా దగ్గరున్నాం. కొబ్బరికాయలమ్మే ఆవిడ చిల్లర ఇస్తూ "ఏం మొక్కమ్మా?" అనడిగింది. మొక్కు కాదు, మా ఊరి బడిలో ఆడపిల్లలకి మరుగుదొడ్డి కట్టాలి, నేను మెట్లెక్కితే మావాళ్ళు డబ్బిస్తారు అన్నాను. ఆవిడ కాయ పీచు తీస్తూనే, "ఎక్కకపోతే ఇవ్వరేటి?" అంది.

వెయ్యి మెట్ల పైచిలుకూ ఆ మాటే తొలిచింది. ఇవ్వరు చెల్లీ. ఎండాకాలమంతా ఇల్లిల్లూ తిరిగి అడిగాం కదా, ఎంతొచ్చింది? మరుగుదొడ్డి అనగానే మొహం తిప్పుకున్నారు. మధ్యాహ్నమయ్యేసరికి ఆడపిల్లలు బడి మానేసి ఇంటికెందుకెళ్తున్నారో చెబితే వినలేదు. పంతులమ్మ మోకాళ్ళ నొప్పులతో కొండెక్కుతుందంటే అందరూ చెవులు రిక్కించారు. ఈ లోకం తీరు నాకు నచ్చలేదు. నచ్చకపోయినా ఎక్కాను, ఎందుకంటే గోడలకి ఇటుక కావాలి.

సగం దాటాక పిక్కలు పట్టేశాయి. ఓ ముసలమ్మ ప్రతి మెట్టుకీ పసుపూ కుంకుమా పెట్టుకుంటూ వంగి వంగి ఎక్కుతోంది, నన్ను దాటిపోయింది కూడా. దర్శనం బాగా అయింది. స్వామి చందనం కిందే ఉన్నాడు, నిజరూపం అక్షయ తృతీయకే. సంపెంగలు కొన్నాను. అమ్మకి తెద్దామనుకున్నా కానీ వాడిపోయేట్టున్నాయి.

తిరిగొస్తుంటే గోపాలపట్నం పొడుగునా పందిళ్ళు. రేపు గిరి ప్రదక్షిణ, కొండ చుట్టూ 32 కిలోమీటర్లు లక్షల మంది నడుస్తారు. నడవనివాళ్ళు రోడ్డు పక్కన నిలబడి మజ్జిగ, పులిహోర పంచుతారు. ఇక్కడ నడిచేవాడు చెయ్యి చాచక్కర్లేదు, పిలిచి మరీ పెడతారు. పిన్ని వాళ్ళ ఆడపడుచు ఇంట్లో ఇప్పటికే బస్తా బియ్యం దింపారు. రేపు నన్ను చింతపండు పిసకడానికి రమ్మంది. ఎల్లుండి బయల్దేరతాను.

ఇక వసూళ్ళు. దిగిన మెట్లకి ఇవ్వనని పెదనాన్న అన్నాడట. దిగేటప్పుడే మోకాళ్ళు ఎక్కువ పీకాయని చెప్పు, సగం రేటుకి ఒప్పించు. మీ బావగారు "ఇంట్లో డబ్బేగా" అని తప్పించుకుంటున్నారు. ఆయన పేరు జాబితాలో అందరికంటే పైన రాసి, బాకీ అని పక్కనే పెట్టి, ఆ కాగితం కచేరీ గది తలుపుకి అంటించు. మేస్త్రీకి శనివారం అడ్వాన్సు ఇవ్వాలి. అమ్మకి రాత్రి బీపీ మాత్ర మర్చిపోకు.

మీ అక్క