బుధవారపు సంతలో చిత్రకారుడు

గద్వాల నుంచి వనపర్తి మీదుగా నాగర్‌కర్నూల్ దాకా బస్సులో వెళ్తుంటే విగ్రహాలకు కొదవుండదు. అంబేద్కర్, గాంధీ, కాలం చేసిన నాయకులు. బొమ్మలు వేసినవాడో, బట్ట నేసినవాడో చౌరస్తాలో నిలబడి ఉండటం మాత్రం నా కంటపడలేదు.

అందుకే బెల్జియంలోని బ్రూజ్‌లో ఉన్న హాన్స్ మెమ్లింగ్ విగ్రహం గురించి చదివినప్పుడు కాస్త కుళ్లుకున్నాను. ఆయన 15వ శతాబ్దపు చిత్రకారుడు. పుట్టింది జర్మనీలో. 1465లో బ్రూజ్ పౌరుడయ్యాడు, 1494లో అక్కడే పోయాడు. దాదాపు నాలుగు వందల ఏళ్ల తర్వాత, 1871లో, హెండ్రిక్ పికరీ చేసిన విగ్రహాన్ని అక్కడ నిలబెట్టారు. ఆ కూడలి పేరుకు అర్థం 'బుధవారపు సంత'. సంతలో చిత్రకారుడు!

ఆయన బొమ్మల్లోని తివాచీల గురించి తెలిశాక నా ఆలోచన వేరే దారి పట్టింది. మెమ్లింగ్ గీసిన మరియమ్మ పాదాల కింద తివాచీలు పరిచి ఉంటాయి. వాటి మీద మెట్లుమెట్లుగా, కొసలు వంకీ తిరిగిన ఒక గుర్తు. ఆ తరహా తివాచీలు నేసింది ఇప్పటి తుర్కియే వైపు నేతగాళ్లు. కానీ ఆ గుర్తును ఇవాళ 'మెమ్లింగ్ గుల్' అంటారు. గుల్ అంటే పువ్వని మా పాలమూరోళ్లకు వేరే చెప్పక్కర్లేదు. నేసినవాళ్ల పేర్లు పోయాయి, చూసి గీసినవాడి పేరు మిగిలింది. ఇందులో ఆయన తప్పేం లేదు. ఆయన గీయబట్టే ఆ కాలపు నేత గురించి మనకీ మాత్రమైనా తెలిసింది.

మా నాయిన ముప్ఫై ఏళ్లు గద్వాల చీరలు నేశాడు. ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. అంచు ఒంటిని కలిసేచోట పోగును పోగుతో మెలేసి పట్టాలి. దాన్నే కుప్పడం అంటారు. అంచు మీది గోపురాల వరుస పేరు కోటకొమ్మ. చీర పేరు ఊరిది, అంచు పేరు కోటది, డబ్బా మీద పేరు దుకాణానిది. నాయిన పేరుకు ఎక్కడా చోటు లేదు.

పెళ్లిళ్లలో ఒక్కోసారి ఎవరి చీరో చూసి "ఇది నా చేతిదే" అంటాడు. అంచు కలిసినచోట తిరగేసి చూస్తే తెలుస్తుందట. నాకు తెలియదు. నేను హైదరాబాదొచ్చి కీబోర్డు పట్టాను. ఆయన తర్వాత మా ఇంట్లో ఆ చీరల్ని గుర్తుపట్టేవాళ్లుండరు.

రాతి విగ్రహం అడగను. చీరకొక చిన్న చీటీ చాలు: నేసినవారి పేరు, ఊరు, ఏడాది. ఈ మాటంటే నాయిన నవ్వాడు. "పేరెందుకురా, ముందు కూలి పెంచుమను" అన్నాడు.

రెండూ అడగాల్సినవే. ఈసారి గద్వాల చీర కొన్నప్పుడు ఎవరు నేశారని అడిగి చూడండి. దుకాణంవాళ్లకు తెలియకపోవచ్చు. నలుగురు అడిగితే తెలుసుకుని పెట్టుకుంటారు.