మైకు ముందు మన యాస

ఎచ్చెర్లలో జర్నలిజం చదువుకునే పిల్లలు ఒక్కసారైనా చూసి రావాల్సిన ఊరొకటుంది. వందల కిలోమీటర్ల ప్రయాణం. అక్కడ చూడాల్సింది కోటా కాదు, జలపాతమూ కాదు... ఒక చిన్న రేడియో స్టేషను!

విశాఖ నుంచి శ్రీకాకుళం వెళ్లే బస్సు ఎచ్చెర్లలో ఆగగానే బ్యాగులు తగిలించుకున్న కుర్రకారు బిలబిలమంటూ దిగుతారు. పొందూరు పిల్లలు, రణస్థలం పిల్లలు, ఉద్దానం కొబ్బరితోటల మధ్య నుంచి వచ్చినవాళ్లు, సీతంపేట కొండల నుంచి దిగివచ్చినవాళ్లు. ‘ఏటి బావూ, ఎలగున్నావు?’ అంటూ పలకరింపులు. అదే పిల్లలు క్లాసులో వార్తలు చదవడానికి నిలబడితే మాత్రం ‘ఏటి’ కాస్తా ‘ఏమిటి’ అయి కూర్చుంటుంది. గొంతు బిగుసుకుంటుంది. ఎక్కడ యాస దొర్లిపోతుందో, ఎవరు నవ్వుతారోనని బెరుకు!

ఈ ప్రాంగణం 1977లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పీజీ కేంద్రంగా మొదలైంది. 2008లో డాక్టర్ బి.ఆర్.అంబేడ్కర్ విశ్వవిద్యాలయం అయింది. అదే ఏడాది రాష్ట్రానికి ఆ చివర మరో ముచ్చట జరిగింది. దాన్ని చూడాలంటే రైలెక్కాలి.

దారిలో రెండు మజిలీలు

ఆమదాలవలసలో ఉండే స్టేషనుకు శ్రీకాకుళం రోడ్ అని పేరు. అక్కడ బండెక్కితే మొదటి మజిలీ విశాఖ. 1963లో మొదలైన ఆకాశవాణి కేంద్రం ఇక్కడే ఉంది. ఉత్తరాంధ్రలో పాతతరం ఇళ్లలో పొలం కబుర్లూ, పాటలూ, నాటికలూ వినిపించింది ఈ కేంద్రమే. గొంతు ఎక్కడ పెంచాలి, ఎక్కడ తగ్గించాలి, స్క్రిప్టు కాగితం చప్పుడు కాకుండా ఎలా తిప్పాలి... ఇలాంటి పనితనం నేర్వాలంటే పెద్ద స్టూడియోను చూడాల్సిందే.

రెండో మజిలీ హైదరాబాద్. ఉస్మానియాలో జర్నలిజం శాఖ 1954 నాటిది. గచ్చిబౌలి దగ్గరున్న హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి ‘బోల్ హైదరాబాద్ 90.4’ పేరుతో సొంత కమ్యూనిటీ రేడియో ఉంది. ‘ఇలాంటి స్టేషను మనకూ ఉంటేనా!’ అని ఎచ్చెర్ల పిల్లలకు అనిపించేది ఇక్కడే. అయితే అసలు పాఠం ఇంకా ముందుంది.

ఎర్రమట్టి నేలలో 90.4

పటాన్‌చెరు, సంగారెడ్డి, సదాశివపేట దాటి ముంబయి రహదారి మీద సాగితే జహీరాబాద్ వస్తుంది. ఎర్రమట్టి నేలలు. కేతకీ సంగమేశ్వరుడు వెలసిన ఝరాసంగం మండలంలోకి మళ్లితే మాచునూరు. దేశంలో ఒక స్వచ్ఛంద సంస్థ ఆధ్వర్యంలో నడిచిన తొలి గ్రామీణ కమ్యూనిటీ రేడియో ‘సంఘం రేడియో’ పుట్టింది ఈ ఊళ్లోనే.

డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల్లోని దళిత మహిళలు దీన్ని భుజాన వేసుకున్నారు. 1998 నాటికే స్టూడియో సిద్ధమైంది. లైసెన్సు మాత్రం లేదు! అలాగని వాళ్లు చేతులు ముడుచుకు కూర్చోలేదు. పదేళ్లపాటు కార్యక్రమాలను క్యాసెట్లలో రికార్డు చేసి సంఘాల సమావేశాల్లో వినిపించారు. జొన్నలు, కొర్రలు, సామలు, ఇంటి వైద్యం, నాట్ల పాటలు... తమకు తెలిసినవన్నీ అందులో పెట్టారు. ఆ గొంతులు గాలిలోకి ఎక్కింది 2008 అక్టోబరు 15న. అది అంతర్జాతీయ గ్రామీణ మహిళా దినోత్సవం కూడా.

స్టేషను బాధ్యత చూసిన ఇద్దరి పేరూ నర్సమ్మే. ఒకరు జనరల్ నర్సమ్మ, ఇంకొకరు అల్గోల్ నర్సమ్మ. వాళ్లు మైకు ముందు మాట్లాడింది పుస్తకాల తెలుగు కాదు, తమ ఊరి తెలుగు. వినేవాళ్లూ అదే ఊరివాళ్లు కాబట్టి నవ్వేవారెవరూ లేరు!

ఈ సంఘాల మహిళలు కెమెరా కూడా పట్టారు. పైనుంచి కిందికి తీసే దృశ్యానికి వాళ్లు పెట్టుకున్న పేరు ‘పటేల్ షాట్’. దొర కిందివాళ్లను చూసే చూపు కదా మరి! కింది నుంచి పైకి తీస్తే అది బానిస చూపు. కంటికి కన్ను సమానంగా ఉంటే ‘సంఘం షాట్’. పాఠ్యపుస్తకంలో పేజీలకు పేజీలు చెప్పే సంగతి మూడు ముక్కల్లో తేల్చేశారు. ఈ పనికి తోడునిలిచిన పి.వి.సతీష్ ఒకప్పుడు దూరదర్శన్‌లో పనిచేశారు. 2023లో కన్నుమూశారు.

రూలు మన పక్షమే

గాలిలో తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో తీర్పు చెప్పింది. ఆ ధర్మాసనంలో తెలుగువారైన జస్టిస్ బి.పి.జీవన్‌రెడ్డి ఉన్నారు. మరో న్యాయమూర్తి జస్టిస్ పి.బి.సావంత్. పదమూడేళ్ల తర్వాత మాచునూరు వచ్చి సంఘం రేడియోను ప్రారంభించింది ఆయనే! 2006లో కేంద్రం తెచ్చిన విధానం స్వచ్ఛంద సంస్థలకూ తలుపులు తెరిచింది. కార్యక్రమాల్లో కనీసం సగం స్థానికుల భాగస్వామ్యంతో తయారవ్వాలి. వీలైనంతవరకు స్థానిక భాషలో, మాండలికంలో ఉండాలి. అంటే... క్లాసులో పిల్లలు దాచుకునే యాసనే ఈ రూలు రమ్మని పిలుస్తోందన్నమాట.

తిరుగు బండిలో...

ఈ మాట శ్రీకాకుళానికి కొత్తేం కాదు. వాడుక భాష కోసం జీవితాంతం పోరాడిన గిడుగు రామమూర్తి పుట్టింది ఈ జిల్లా పర్వతాలపేటలోనే. సవరల భాష నేర్చుకుని, ఆ భాషకు నిఘంటువు కూర్చిన మనిషి ఆయన. సీతంపేట నుంచి వచ్చిన సవర పిల్లలు తమ భాషలో ఒక కార్యక్రమం చేస్తే గిడుగుకు అంతకన్నా నివాళి ఏముంటుంది?

మాట్లాడాల్సిన సంగతులకూ కొదవలేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానాన్ని ఊడ్చేసింది. రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు మూగబోయాయి. మంచినీళ్ల ట్యాంకరు ఏ ఊరికి, ఎన్ని గంటలకు వస్తుందో ఊరి యాసలో చెప్పే గొంతు విలువ అలాంటప్పుడే తెలుస్తుంది. ఆ మరుసటి నెలలోనే గుజరాత్ నుంచి చేపల వేటకు వెళ్లిన ఇక్కడి మత్స్యకారులు పాకిస్థాన్‌కు చిక్కారు. 2020 జనవరిలో ఇరవై మంది ఇళ్లకు చేరారు. ఎచ్చెర్ల మండలంలోని డి.మత్స్యలేశం పేరు అప్పుడు దేశమంతా వినబడింది. ఆ కథ స్ఫూర్తితోనే 2025లో ‘తండేల్’ సినిమా వచ్చింది. ఒడ్డున ఎదురుచూసిన ఆడవాళ్లు మాత్రం ఆ రోజుల గురించి తమ మాటల్లో చెప్పుకోవడానికి సినిమా అక్కర్లేదు. ఒక రికార్డరూ, ఓపిగ్గా వినే మనిషీ ఉంటే చాలు. క్యాంపస్ నుంచి సముద్రం ఒడ్డు ఎంతో దూరం లేదు కూడా!

జర్నలిజం పిల్లలకు ఉద్యోగం కావాలి. ఉద్యోగానికి అందరికీ అర్థమయ్యే తెలుగు కావాలి. అది విశాఖలో, హైదరాబాద్‌లో దొరుకుతుంది. అమ్మ మాట్లాడే తెలుగుకూ మైకు దగ్గర చోటుందన్న ధైర్యం మాచునూరులో దొరుకుతుంది. ఒకటి నేర్వడానికి రెండోదాన్ని పారేసుకోనక్కర్లేదు.

తెల్లవారుజామున బండి ఆమదాలవలసలో ఆగుతుంది. స్టేషను బయట ఆటో అతను ముందుగా అడిగేది ఒకటే... ‘ఏటి బావూ, ఎక్కడికెల్లాల?’

కబురు మొదలెట్టడానికి అంతకన్నా మంచి ప్రశ్న ఏ స్టూడియోలో దొరుకుతుంది!