తప్పు రాసిన పుస్తకం

బోస్టన్‌లో 1912 నాటి బేస్‌బాల్ మైదానం ఫెన్‌వే పార్కు. ఎడమవైపు 37 అడుగుల పచ్చగోడ. ఆ రాత్రి దీపాల వెలుగులో పెద్దాయన ఎప్పట్లాగే స్కోరు పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. చిన్నప్పుడు తండ్రి నేర్పిన అలవాటది. పక్కన మనవడు.

ఆరో ఇన్నింగ్స్‌లో రెడ్ సాక్స్ కుర్రాడొకడి కాళ్ల సందులోంచి బంతి జారిపోయింది. చుట్టూ కేకలు, తిట్లు. పెద్దాయన మాత్రం నోరు మెదపలేదు.

1986 అక్టోబరు 25. న్యూయార్క్‌లో వరల్డ్ సిరీస్ ఆరో మ్యాచ్. ఇంకొక్క స్ట్రైకు పడితే చాలు, 1918 తర్వాత మళ్లీ రెడ్ సాక్స్‌దే కప్పు. అది పడలేదు. స్కోరు సమమైంది. అంతలో బిల్ బక్నర్ కాళ్ల మధ్యనుంచి బంతి దూరిపోయింది. ఆ మ్యాచ్ పోయింది, తర్వాతి మ్యాచ్‌తో సిరీసూ పోయింది. టీవీ ముందు తండ్రీకొడుకులు కలిసే తిట్టారు. ‘‘వాణ్ని జన్మలో క్షమించను’’ అన్నాడు తండ్రి. అన్నట్టే, క్షమించకుండానే వెళ్లిపోయాడు.

2004లో, 86 ఏళ్లకు కప్పు వచ్చింది. చూడ్డానికి తండ్రి లేడు. 2008 ఏప్రిల్‌లో బక్నర్ ఫెన్‌వేకి వచ్చి తొలి బంతి విసిరాడు. జనమంతా లేచి నిలబడ్డారు. బక్నర్ కళ్లు తుడుచుకున్నాడు. పెద్దాయన చేతులు నొప్పి పుట్టేదాకా చప్పట్లు కొట్టాడు, నాన్న వంతు కూడా. బక్నర్ 2019లో కన్నుమూశాడు.

‘‘వీడికి ఆటే రాదు తాతయ్యా!’’ మనవడు విసుక్కున్నాడు.

పెద్దాయన పెన్సిలు వాడి చేతికిచ్చాడు.

‘‘తప్పని పుస్తకంలో రాయి. తిట్టకు. మళ్లీ బంతి వాడి దగ్గరికే వస్తుంది.’’