ముహూర్తం నుండి జంట ఫొటో వరకు

ఛాయాగ్రహణాన్ని వృత్తిగా స్వీకరించినవారు కొందరు, వినోదంగా చేపట్టినవారు మరికొందరు. ఈ రెండింటికీ చెందని మూడవ తరగతి ఒకటి ఉన్నది. ప్రతి ఉద్యోగుల కాలనీలోనూ అటువంటివాడు ఒకడు తప్పక కనిపిస్తాడు. ఎవరింట పెళ్ళి జరిగినా, ఏ సంఘంవారు వైద్యశిబిరం నిర్వహించినా, "ఆయనను పిలవండి, ఫొటోలు తీసిపెడతాడు" అంటారు. మా విశాఖ కాలనీలో ఆ స్థానం మూడు దశాబ్దాలకు పైగా నాది. ఉద్యోగరీత్యా యంత్రాల నిర్వహణ, సెలవు దినాలలో మెడలో కెమెరా. ఆ రెండవ పని నేర్పిన విషయాలను కొన్నింటిని మన పాఠకులతో పంచుకోవాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

ఇంజనీరుకూ కెమెరాకూ చుట్టరికం కొత్తది కాదు. రాజా దీన్‌దయాళ్ (1844-1905) రూర్కీలో ఇంజనీరింగ్ విద్య నభ్యసించి, ఇందూరులో ప్రజాపనుల శాఖలో ఉద్యోగం చేస్తూ ఛాయాగ్రహణం వైపు మళ్ళినవారు. తరువాత ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకులయ్యారు. అంతఃపుర స్త్రీల కోసం 1892లో హైదరాబాదులో ప్రత్యేకంగా జనానా స్టూడియోను నెలకొల్పారు. నవాబుల విందులనూ వేటలనూ చిత్రించిన ఆ స్టూడియోయే నిజాం రాజ్యంలోని కరవు సహాయక పనులనూ చిత్రించింది. ఉత్సవాన్నీ అవసరాన్నీ ఒకే కెమెరా చూడగలదని చెప్పడానికి ఇంతకంటె ఉదాహరణ అక్కరలేదు.

నేను 1991లో ఉద్యోగంలో చేరిన కొత్తలో పాత పెంటాక్స్ కె1000 కెమెరాను కొన్నాను. అందులో ఏదీ తనంతట తాను జరగదు. దూరం, కాంతి, వేగం మూడింటినీ చేతితోనే అమర్చుకోవాలి. ఫ్లాష్ వాడితే షట్టరు వేగం సెకనులో 60వ వంతును మించరాదు. ఫ్లాష్ శక్తిని సూచించే సంఖ్యను మీటర్లలో దూరంతో భాగిస్తే ఎపర్చరు విలువ వస్తుంది. 28 సంఖ్య గల ఫ్లాష్‌కు మూడున్నర మీటర్ల దూరంలో 8 అన్నమాట. ఈ లెక్క నోటికి వచ్చాకే పెళ్ళిపందిట్లో అడుగుపెట్టాను. ఒక ఫిల్ముచుట్టకు 36 ఫ్రేములు. ఇంట్లో అభ్యాసానికి నలుపు-తెలుపు ఇందు ఫిల్ము వాడేవాణ్ణి. 1960లో స్థాపితమై, ఊటీలో దానిని తయారుచేసిన హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ కూడా మన వంటి ప్రభుత్వరంగ సంస్థే. ఆ కర్మాగారం ఇప్పుడు మూతపడింది. అందులో తయారైన ఫిల్ముపై తీసిన నెగెటివులు మాత్రం నా బీరువాలో చెక్కుచెదరకుండా ఉన్నాయి.

ఉద్యోగుల ప్రవర్తనా నియమావళి ప్రకారం మనం సొంత వ్యాపారం చేయరాదు. అందువల్ల మొదటి నుండీ ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఫిల్ము, ప్రింట్ల ఖర్చు పెళ్ళివారిది. నాకు పారితోషికం వద్దు. ఇవ్వక తప్పదని పట్టుబట్టినవారిని కాలనీ వైద్యశిబిరాల ఖర్చుకు తోచినంత ఇవ్వమని కోరేవాణ్ణి. ఆ విధంగా పెళ్ళి ఫొటోలకూ సేవా కార్యక్రమాలకూ నా విషయంలో ముడి పడింది.

తెలుగువారి పెళ్ళిలో ముహూర్తమంటే తాళి కట్టే వేళ అని చాలామంది అనుకుంటారు. అసలు సుముహూర్తం వధూవరులు ఒకరి శిరస్సుపై మరొకరు జీలకర్ర-బెల్లం ఉంచే క్షణం. అడ్డుతెర తొలగుతుంది, గట్టిమేళం మోగుతుంది, అక్షింతలు నలువైపుల నుండి వచ్చి పడతాయి. సరిగ్గా ఆ సమయానికే పందిట్లోని బంధువులందరూ లేచి నిలబడతారు. నీరసించిన బ్యాటరీలతో ఫ్లాష్ మళ్ళీ సిద్ధం కావడానికి పది సెకన్లు పట్టేది. అంటే అవకాశం ఒక్కటే. అందుకని ముహూర్తానికి పది నిమిషాల ముందు కొత్త బ్యాటరీలు వేసి, ఫిల్ములో కనీసం పది ఫ్రేములు మిగిలి ఉన్నాయో లేదో చూసుకునేవాణ్ణి. యంత్రాన్ని నడిపే ముందు మనం కర్మాగారంలో చేసే తనిఖీయే ఇది.

మధుపర్కాల తెలుపు మరొక పరీక్ష. కెమెరాలోని కాంతిమాపకం తన ఎదుట ఉన్నదంతా మధ్యస్థమైన బూడిదరంగే అనుకొని లెక్కకడుతుంది. ఎదుట తెల్లని వస్త్రాలు నిండుగా ఉంటే కాంతి ఎక్కువైందని భ్రమించి తగ్గించమంటుంది. దాని మాట వింటే బట్టలు మాసినట్లు, ముఖాలు నల్లగా వస్తాయి. అందువల్ల అది చెప్పినదానికంటె ఒక స్టాపు ఎక్కువ కాంతి ఇవ్వాలి. మీటరు చూపినదాన్నల్లా నమ్మరాదని మనకు వృత్తి నేర్పే పాఠం పెళ్ళిపీటల దగ్గరా వర్తిస్తుంది.

సింహాచలం పరిసరాలలో పెళ్ళిళ్ళు చేయించే వృద్ధ పురోహితులొకరు నాకు ఒక మాట చెప్పారు: "నాయనా, నీ ఫొటో కోసం నా మంత్రం ఆగకూడదు. ఏది ఎప్పుడు వస్తుందో ముందే అడుగు, చెబుతాను." ఆనాటి నుండి ప్రతి పెళ్ళికీ ముందుగా పురోహితుణ్ణి కలుసుకొని క్రమమంతా రాసుకోవడం అలవాటైంది. తాళి ముడి సరిగా కనబడలేదని వరుని చేయి పట్టుకొని "మరొకసారి" అనడం నేను ఎన్నడూ చేయలేదు. పెళ్ళి జరుగుతుంటే ఫొటో తీయాలి గాని, ఫొటో కోసం పెళ్ళి జరపకూడదు.

పెళ్ళికి ముందు ఇంటి యజమానిని తప్పక అడిగే ప్రశ్న మరొకటి ఉంది: "మీ ఇంట్లో అందరికన్న పెద్దవారెవరు? వారు ఎక్కడ కూర్చుంటారు?" దీనికి కారణం ఉంది. భర్తను కోల్పోయిన నాయనమ్మలూ, ఒక్కొక్కప్పుడు పెళ్ళికూతురి కన్నతల్లే, శుభకార్యంలో ఎదురుపడరాదన్న ఆచారంతో వంటశాల గుమ్మం వద్దనే నిలిచిపోతారు. పెళ్ళి బరువంతా మోసినవారు ఆల్బములో ఎక్కడా కనిపించరు. ఆచారాలపై వాదించే అధికారం ఫొటోగ్రాఫరుకు లేదు. కాని వంటశాల గుమ్మం దాకా నడిచి వెళ్ళే అధికారం ఉంది. అక్కడి కిటికీ వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, కూరలు తరుగుతున్న అటువంటి తల్లులను ఎందరినో తీశాను. కొన్ని ఇళ్ళలో గోడమీద దండ వేసిన పటం ఆనాటి ఫొటోయే. అంతకు ముందూ తరువాతా వారికి వేరే ఫొటో లేదు.

సేవా కార్యక్రమాలలో ఫొటోగ్రాఫరుకు ఎదురయ్యే ధర్మసంకటాలు వేరు. దుప్పట్ల పంపిణీ జరిగితే ఒకే దుప్పటిని నలుగురు పెద్దలు పట్టుకుంటారు. పుచ్చుకునే ముసలాయన అంచున ఎక్కడో సగం చెయ్యిగా మిగులుతాడు. ఆ నలుగురూ మన మిత్రులే, వారి శ్రమ నిజమైనదే. కాబట్టి వేదికపై ఫొటో ఒకటి తీసి, అంతకు ముందు రాత్రి దుప్పట్లు మడతపెట్టిన కార్యకర్తలవి నాలుగు తీసేవాణ్ణి. కంటి శిబిరాలలో కట్టు విప్పే వేళ ఫ్లాష్ పూర్తిగా నిషిద్ధమని నా నియమం. రోగిని అడిగి, సరే అంటేనే తీయడం, తీసిన ఫొటో ఒక ప్రతిని వారికి చేర్చడం మిగిలిన రెండు నియమాలు.

ఫొటో అలంకారం కాదు, అవసరం అని తెలిసి వచ్చింది మాత్రం దరఖాస్తుల మూలంగానే. 1993లో ఎన్నికల సంఘం ఓటర్లకు ఫొటో గుర్తింపు కార్డులు ఇవ్వాలని ఆదేశించినప్పుడు, జీవితంలో తొలిసారి కెమెరా ముందు కూర్చున్న వృద్ధులు పల్లెల్లో ఎందరో. 1995 నవంబరు 16న ఉద్యోగుల పింఛను పథకం అమలులోకి వచ్చింది. పింఛను దరఖాస్తుకు భార్యాభర్తల జంట ఫొటో జతచేయాలి. మా కాలనీ చుట్టుపక్కల గ్రామాలలోని కాంట్రాక్టు కార్మికులకు ఈ ఫొటోలు ఉచితంగా తీసి ఇవ్వాలని కొందరు మిత్రులం నిశ్చయించుకున్నాం. సామాజిక భవనం వరండాలో తెల్ల దుప్పటి ఒకటి, కుర్చీలు రెండు. అదే మా స్టూడియో.

ఒక ఆదివారం పదవీ విరమణకు చేరువైన కార్మికుడొకాయన భార్యతో వచ్చాడు. కుర్చీ చూపిస్తే ఆమె దాని వెనుకకు వెళ్ళి నిలబడింది. పక్కన కూర్చోమంటే, "నానెప్పుడూ ఆయన పక్కన కూకోనేదు బాబూ" అన్నది. ఆయన ఏమీ అనలేదు. తాను లేచి, కుర్చీని పైపంచెతో తుడిచి ఆమె వైపు జరిపాడు. ఆ ఫొటో మూడు ప్రతులు దరఖాస్తుకు వెళ్ళాయి. నాలుగవదానిని ఆయన అడిగి తీసుకున్నాడు. వారి పెళ్ళికి ఫొటోలు లేవు. నలభై ఏళ్ళ కాపురంలో ఇద్దరూ కలిసి ఉన్న చిత్రం అదొక్కటే.

2009లో మరొక అనుభవం కలిగింది. ఒకామె పదేళ్ళ కొడుకును వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చింది. కాంట్రాక్టు కార్మికుడైన భర్త జబ్బుచేసి మరణించాడు. భవిష్యనిధి రికార్డులో నామినీగా అతని తల్లి పేరు ఉన్నది. పెళ్ళికి ముందు రాయించినది. తరువాత ఎవరూ మార్చలేదు. ఆ తల్లీ అంతకు ముందే కాలం చేసింది. పెళ్ళి 1998లో సింహాచలం కొండమీద జరిగింది, రిజిస్టరు కాలేదు. మన రాష్ట్రంలో వివాహాల నమోదును తప్పనిసరి చేసిన చట్టం వచ్చింది 2002లో కదా! ఇంటిలో ఉన్న మూడు పెళ్ళి ఫొటోలూ గుడిసె అంటుకున్నప్పుడు కాలిపోయాయి. "ఆ ఫొటోలు తమరే తీశారు బాబూ" అని ఆమె అన్నది.

ఆనాడు నేను కొండపైకి వెళ్ళింది ఒక సహోద్యోగి కుమార్తె పెళ్ళికి. ఫిల్ములో మిగిలిన ఫ్రేములతో పక్కన పెళ్ళాడుతున్న జంటను తీసి, తరువాత ప్రింట్లు పంపాను. ప్రతి యంత్రానికీ చరిత్ర పుస్తకం రాసే అలవాటు వల్ల నెగెటివులకూ ఒక రిజిస్టరు పెట్టుకున్నాను. చుట్ట సంఖ్య, ఫ్రేము సంఖ్య, తేదీ, స్థలం అందులో ఉంటాయి. అరగంటలో నెగెటివు దొరికింది. అందులో వధువు తలపై చేయి ఉంచి దీవిస్తున్నది ఎవరో కాదు, నామినీగా ఉన్న ఆ తల్లే.

ఒక్క ఫొటోతో పని జరుగుతుందని నేను చెప్పను. అందులో ఉన్న ఇద్దరు బంధువులు సాక్షులుగా ప్రమాణపత్రాలిచ్చారు. రెవెన్యూ కార్యాలయం కుటుంబ సభ్యుల ధ్రువీకరణ ఇచ్చింది. పెళ్ళికి ముందు చేసిన నామినేషను పెళ్ళితో చెల్లకుండా పోతుందని భవిష్యనిధి నిబంధనలలోనే ఉన్నది. కొన్ని నెలలకు ఆమెకు వితంతు పింఛనూ, బాలునికి 25 ఏళ్ళు నిండేవరకు వచ్చే పిల్లల పింఛనూ మంజూరయ్యాయి. సంపన్నుల పెళ్ళిళ్ళకు వాడిన అనేక ఫిల్ముచుట్టలలో ఆ మూడు ఫ్రేముల విలువ చేసేవి ఎన్ని ఉన్నాయో చెప్పలేను.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు కిటికీల అద్దాలు పగిలి, రేకులు ఎగిరి, ఇళ్ళలోకి వాననీరు చేరింది. కరెంటు లేని ఆ రోజుల్లో మంచినీళ్ళు, కొవ్వొత్తుల తరువాత కాలనీవారు నా వద్దకు తెచ్చినవి తడిసిన ఆల్బములు. ఫొటో పైపూతలో జెలటిన్ ఉంటుంది. తడిస్తే ఉబ్బుతుంది, పక్క ఫొటోకు ఆనుకొని ఆరితే జిగురులా అతుక్కుపోతుంది. కాబట్టి తడి ఆరకముందే విడదీయాలి. అతుక్కున్నవాటిని లాగకుండా చల్లని శుభ్రమైన నీటిలో నానబెట్టాలి. బురదను వేలితో రుద్దరాదు, నీటిలో ఆడించి వదిలించాలి. తరువాత బొమ్మ పైకి ఉండేటట్లు శుభ్రమైన గుడ్డపై నీడలో ఆరబెట్టాలి, ఎండలో కాదు. మా వరండాలో, మేడమెట్లపై, ఇరుగుపొరుగువారి మంచాలపై పెళ్ళిళ్ళూ అన్నప్రాశనలూ వారం రోజులు ఆరాయి. పిల్లలు వాటికి కాపలా ఉన్నారు. ఎవరి ఫొటో ఎవరిదో తేల్చడం పెద్దవారి పని అయింది. "ఇది మా చిన్నత్త, పెళ్ళికి రాదనుకున్నాం, వచ్చింది" వంటి మాటలు ఆ చీకటి సాయంకాలాలలో ఎన్నో విన్నాను.

నేడు ప్రతివారి చేతిలోనూ కెమెరా ఉన్నది. ఒక పెళ్ళికి వేల ఫొటోలు తీస్తున్నారు. అది సంతోషించదగిన విషయమే. వాటిలో కాగితంపైకి వచ్చేవి మాత్రం స్వల్పం. ఫోను పోతే అన్నీ పోతాయి. మన ఉద్యోగ కుటుంబాలకు నా విన్నపం ఇది. ప్రతి శుభకార్యం తరువాత పది ఫొటోలను ఎంచి ప్రింటు తీయించండి. వెనుక మెత్తని పెన్సిలుతో తేదీ, స్థలం, అందులోనివారి పేర్లు రాయండి. మిగిలినవాటి నకళ్ళు రెండు చోట్ల దాచండి. పెళ్ళిని రిజిస్టరు చేయించండి. పెళ్ళయిన నెలలోగా భవిష్యనిధి నామినేషను మార్చుకోండి. మీ వద్ద పనిచేసే కాంట్రాక్టు కార్మికుని కూడా ఈ మాట అడగండి. అతని ఇంట్లో జంట ఫొటో లేకపోతే కబురు చేయండి. ఆదివారం ఉదయం సామాజిక భవనం వరండాలో రెండు కుర్చీలు వేసే ఉంటాయి.