ఆశువుకు చోటు

సికింద్రాబాదులో పెండ్లి ఊరేగింపు కదిలిందంటే ట్రంపెట్, శాక్సొఫోన్, డ్రమ్ములు మోగవలసిందే. సైనిక పటాలాల వెంట వచ్చిన బ్యాండు వాద్యాలు నేడు మన మంగళవాద్యాలైనాయి. ఇటువంటి వాద్యాలతోనే 1930లలో అమెరికాలో స్వింగ్ అనే జాజ్ సంగీతం ఉర్రూతలూగించింది.

పదిహేనుమంది ఒక్క గొంతుగా వాయించే ఆ సంగీతాన్ని మళ్ళీ వినిపించడానికి 1988లో న్యూయార్కులోని లింకన్ సెంటర్‌లో ఒక వాద్యబృందం ఏర్పడింది. డ్యూక్ ఎల్లింగ్టన్ కృతుల స్వరపత్రాలు దొరకనిచోట పాత రికార్డులను విని, ఏ వాద్యం ఏ స్వరం పలికిందో విడదీసి రాసుకొన్నారు. కడపలో పండితులను కూర్చుండబెట్టి తాళపత్రాల పాఠాలను సరిపోల్చిన సి.పి. బ్రౌన్ శ్రమ నాకు గుర్తుకు వచ్చింది.

అయితే ఇందులో ఒక చిక్కుంది. కృతి నడుమ ఒక వాదకుడు లేచి అప్పటికప్పుడు స్వరాలు కల్పిస్తాడు. అది అవధానంలోని ఆశువు వంటిది. నాటి కల్పననే స్వరం తప్పక వాయిస్తే వల్లెవేత అవుతుంది. పూర్తిగా విడిచిపెడితే, శ్రోతల చెవులలో కృతిలో భాగమైపోయిన సొగసు పోతుంది.

నా దృష్టిలో బృందమంతా కలసి వాయించే భాగం ఛందస్సు వంటిది. అక్కడ యతిప్రాసలు చెడరాదు. ఒంటరిగా లేచినవాడు మాత్రం ఆ ఛందస్సులోనే తన పద్యం తాను చెప్పాలి. పోతన పద్యాన్ని అక్షరం పోకుండా అప్పగించే విద్యార్థిని నేను మెచ్చుకొంటాను. తప్పులతోనైనా సొంతంగా ఒక కందం అల్లుకొని వచ్చినవాడిని చూసినపుడే, పద్యం మరొక తరం బతుకుతుందన్న ధైర్యం నాకు కలుగుతుంది.